కవి జీవితమూ వెండితెరా: మొల్ల, జేన్ ఆస్టెన్, గాలిబ్ చిత్రాలపై ఒక పరిశీలన

కొన్ని సంవత్సరాల క్రిందట తెలుగు జవాబు పత్రాలు దిద్దుతూ ఉండగా ఒక విద్యార్థిని సమాధానం వద్ద నా కలం ఆగిపోయింది. "మొల్ల జీవిత విశేషములను వ్రాయుము" అన్నది ప్రశ్న. ఆ అమ్మాయి చక్కని దస్తూరితో రెండు పుటలు నింపింది. శ్రీకృష్ణదేవరాయల కొలువు, తెనాలి రామకృష్ణుని పరిహాసం, పండితుల అసూయ, చివరకు రాజు మెచ్చుకోలు, అన్నీ కళ్లకు కట్టినట్లు వర్ణించింది. కాని మొల్ల తన కావ్యంలో తన్ను గూర్చి తాను చెప్పుకొన్న మాట ఒక్కటైనా అందులో లేదు.

ఆ అమ్మాయిని పిలిచి, "ఇదంతా ఎక్కడ చదివావమ్మా?" అని అడిగాను. "చదవలేదండీ. కొంత మా అమ్మమ్మ చెప్పింది, కొంత సినిమాలో చూశాను" అన్నది. "కావ్యం చూశావా?" అంటే తల అడ్డంగా ఊపింది. సగం మార్కులు తగ్గించి పంపివేశాను. ఇంటికి వెళ్లి ఆలోచించుకొన్నప్పుడు ఆ తప్పులో నాకూ భాగమున్నదని తోచింది. తరగతిలో ఆ సభ ముచ్చటను రసవత్తరంగా చెప్పి నవ్వించినవాణ్ణి నేనే. కావ్యపీఠికలోని పద్యాల వద్దకు వచ్చేసరికి గంట కొట్టారు. మరునాడు మరొక పాఠం మొదలుపెట్టాను.

ఆనాటి ఆలోచనకు ఫలితమే ఈ వ్యాసం. కవుల, నవలాకారుల జీవితాలను ఆధారం చేసుకొని తీసిన చలనచిత్రాలను మనం ఎట్లా చూడవలె? వాటిని నమ్మవలెనా, తోసిపుచ్చవలెనా? తెలుగు, ఉర్దూ, ఆంగ్లం మూడింటినీ ఒకే ఆవరణలో చదువుకొనే మన విద్యార్థులకు ఈ ప్రశ్న ముఖ్యమైనది. అందుచేత ఒక్కొక్క భాష నుంచి ఒక్కొక్క చిత్రాన్ని తీసుకొని పరిశీలిస్తాను.

జీవిత చిత్రాల పరంపర

తెలుగువారికి కవుల జీవిత చిత్రాలు క్రొత్తవి కావు. వాహినీ వారి 'భక్త పోతన' అటువంటిదే. కె. వి. రెడ్డి దర్శకత్వం వహించిన మొదటి చిత్రం అదే. పోతనగా నటించిన చిత్తూరు వి. నాగయ్య ఆ తరువాత 1946లో 'త్యాగయ్య'గా, 1947లో 'యోగి వేమన'గా కనిపించారు. ఐదేళ్లలో ముగ్గురు వాగ్గేయకారుల, కవుల ముఖాలు ఒక్క నటుని ముఖంతో తెలుగువారి మనస్సులలో ముద్రపడిపోయినవి. ఈనాటికీ పోతన అనగానే మన ఇంటి పెద్దలకు నాగయ్యగారి రూపమే స్ఫురిస్తుంది. తరువాత 1956లో 'తెనాలి రామకృష్ణ', 1960లో 'మహాకవి కాళిదాసు', 1976లో 'మహాకవి క్షేత్రయ్య' వచ్చినవి. అక్షరం రాని పల్లెవానికి సైతం కవి పేరును పరిచయం చేసిన ఘనత ఈ చిత్రాలకు దక్కుతుంది. ఆ మేలును మరువరాదు.

మన సూళ్లూరుపేటలో పుట్టి పెరిగిన వారికి తెర శక్తిని గూర్చి వేరుగా చెప్పనక్కరలేదు. రైలెక్కితే పూట గడవకముందే చేరగలిగే మద్రాసులోనే ఆ రోజులలో తెలుగు చిత్రాలు ఎక్కువగా తయారయ్యేవి. 2019లో ఇక్కడ సుమారు నూరు అడుగుల వెడల్పు గల తెరతో ఒక సినిమా హాలు వెలసినప్పుడు దూరపు ఊళ్ల నుంచి సైతం జనం వచ్చి చూశారు. అంతటి తెర మీద ఒక కవయిత్రి ముఖాన్ని తాటిచెట్టంత ఎత్తున చూపవచ్చును. ఆమె ఒక పద్యంలో ఒక మాటను తీసివేసి మరొక మాటను పెట్టుకోవడానికి పడిన తపనను చూపడం మాత్రం ఎంత పెద్ద తెరకైనా కష్టమే. ఈ చిక్కును మనస్సులో ఉంచుకొని ముందుకు సాగుదాం.

మొల్ల: కొద్ది పద్యాల ఆత్మకథ

1970లో వచ్చిన 'కథానాయిక మొల్ల' చిత్రాన్ని నిర్మించి దర్శకత్వం వహించినవారు బి. పద్మనాభం. హాస్యనటులుగా ప్రసిద్ధులైన ఆయన కడప జిల్లా సింహాద్రిపురానికి చెందినవారు. మొల్ల పేర్కొన్న గోపవరం అదే జిల్లాలో, నెల్లూరు నుంచి వెళ్లే దారిలో బద్వేలు దగ్గర ఉన్నదని ఎక్కువమంది భావిస్తారు. మొల్ల పాత్రను ధరించిన వాణిశ్రీ మన నెల్లూరు ఆడపడుచు. సంగీతం ఎస్. పి. కోదండపాణి. ఆ సంవత్సరపు ఉత్తమ చిత్రంగా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వపు బంగారు నందిని ఈ చిత్రం గెలుచుకొన్నది. రాజులూ దేవతలూ రాజ్యమేలే తెర మీద ఒక కవయిత్రిని కథానాయికగా నిలబెట్టడం, ఆ మాటను చిత్రం పేరులోనే చెప్పడం సాహసమే.

అయితే మొల్లను గూర్చి మనకు నిశ్చయంగా తెలిసినది ఎంత? ఆమె రామాయణం సుమారు 870 పద్యాల చిన్న కావ్యం. దాని పీఠికలోను, గద్యలోను ఆమె చెప్పుకొన్నది కొద్దిమాత్రమే. తండ్రి ఆతుకూరి కేసన, శివభక్తుడు. తనకు కవిత్వం చెప్పే నేర్పు గోపవరపు శ్రీకంఠ మల్లేశ్వరుని వరం వలన అబ్బింది. ఇంతకుముందు ఎందరో రామకథను చెప్పినా, తనకు రాజూ దైవమూ అయిన రాముని మరల కొనియాడడంలో తప్పు లేదు. ఇవీ ఆమె మాటలలోని సారాంశం. కుమ్మరి కుటుంబంలో పుట్టిందన్నది లోకప్రసిద్ధి. ఆమె కాలం విషయంలో పండితులకు ఏకాభిప్రాయం లేదు. పదిహేను, పదహారవ శతాబ్దాల నడుమ అని సాధారణంగా చెబుతారు. 1509 నుంచి 1529 వరకు ఏలిన శ్రీకృష్ణదేవరాయల పేరు ఆమె కావ్యంలో ఎక్కడా లేదు. రాయల కొలువుకు వెళ్లిందనడం, తెనాలి రామకృష్ణునితో వాదులాడిందనడం తరువాతి గాథలు.

ఇంత స్వల్పమైన సామగ్రితో మూడు గంటల కథ నడవదు. కనుక చిత్రం లోకగాథలను ఆశ్రయించింది. అందులో దోషమేమీ లేదు. అయితే చూసినవారు మొల్ల గొప్పదనాన్ని ఎక్కడ వెదుకుతున్నారన్నదే నా ప్రశ్న. కావ్యాన్ని రాజులెవరికీ ఇవ్వకుండా శ్రీరామునికి అంకితం చేసిన కవయిత్రి గొప్పదనాన్ని ఒక రాజు మెప్పుతో కొలిచే గాథను మనం ఇష్టపడుతున్నాం. ఆమె కోరని పట్టాన్ని మనమే ఆమెకు కట్టి, అదే ఆమె సాధించిన విజయమని చెప్పుకొంటున్నాం.

రెండవ అపోహ ఇంకా లోతైనది. మొల్ల చదువురానిదనీ, దేవుని వరం వలన ఒక్కసారిగా కవిత్వం పొంగిపొరలిందనీ ఎందరో నమ్ముతారు. దానికి ఆధారంగా ఆమె పీఠికలోని పద్యాన్నే చూపిస్తారు. అందులో ఆమె సంధులు, సమాసాలు, విభక్తులు, ధాతువులు, అలంకారాలు, ఛందస్సు, నిఘంటువులు ఇవేవీ తాను ఎరుగనని చెప్పుకొన్నది.

ఇక్కడ మరల ఆ విద్యార్థిని సంగతి చెప్పవలె. మార్కులు తగ్గించిన మరునాడు గ్రంథాలయం నుంచి మొల్ల రామాయణం తీసి ఆమె చేతికిచ్చాను. మూడు వారాలకు పుస్తకం తెచ్చి ఇచ్చింది. పీఠిక పుటలో ఒక కాగితపు ముక్క పెట్టి ఉన్నది. "ఇది సీసపద్యం కదండీ?" అని అడిగింది. అవునన్నాను. "ఛందస్సు తెలియదని ఛందస్సు తప్పకుండానే చెప్పిందండీ" అన్నది.

ఎన్నో సంవత్సరాలు ఆ పద్యాన్ని పాఠం చెప్పిన నాకు ఆ మాట తట్టలేదు. సీసం గణాల లెక్కతో నడిచే దీర్ఘమైన పద్యం. దానిని ఒక తేటగీతితోనో ఆటవెలదితోనో ముగించవలె. సంధి, సమాసం, విభక్తి, ధాతువు అని వరుసగా పేర్కొనగలిగిన వారికి ఆ శాస్త్రాల పేర్లే కాదు, వాటి ఎల్లలు కూడా తెలిసి ఉండవలె. అది మన ప్రాచీన కవులలో అలవాటైన వినయం. పురుష కవులు అటువంటి మాట అంటే వినయమని వ్యాఖ్యానించి, మొల్ల అంటే మాత్రం నిజమని నమ్మడం ఏమి న్యాయం?

కవిత్వం ఎట్లా ఉండవలెనో ఆమెకు స్పష్టమైన అభిప్రాయం కూడా ఉన్నది. నాలుకకు తేనె తగలగానే తీపి తెలిసినట్లు, పద్యం వినగానే అర్థం తోచవలెనని ఆమె భావం. గూఢమైన మాటలు కూర్చిన కావ్యాన్ని ఆమె మూగవాడు చెవిటివానితో చేసే సంభాషణతో పోల్చింది. సామెతలు, నుడికారపు పలుకులు తెలుగు పద్యానికి రుచినిస్తాయని చెప్పింది. శాస్త్రమెరుగని అమాయకురాలి పలుకులు కావు ఇవి. ఏ మార్గాన వ్రాయవలెనో ఎంచుకొన్న రచయిత్రి పలుకులు.

జేన్ ఆస్టెన్: కాలిపోయిన ఉత్తరాలు

ఇక సముద్రాలకు ఆవల ఉన్న మరొక రచయిత్రి వద్దకు వెళదాం. బి. ఏ. తరగతులలో ఆంగ్ల సాహిత్యం చదివేవారికి జేన్ ఆస్టెన్ పేరు సుపరిచితం. 2000లో రాజీవ్ మీనన్ తమిళంలో తీయగా 'ప్రియురాలు పిలిచింది' అన్న పేరుతో తెలుగులోకి వచ్చిన చిత్రం ఆమె 'సెన్స్ అండ్ సెన్సిబిలిటీ' నవల ఆధారంగా అల్లినదే. కథను చూసినవారిలో ఎంతమందికి మూలకర్త పేరు తెలుసునో చెప్పలేం.

ఆమె 1775 డిసెంబరు 16న ఇంగ్లండులోని స్టీవెంటన్ గ్రామంలో ఒక మతాచార్యుని కుమార్తెగా జన్మించింది. 1817 జూలై 18న వించెస్టరులో మరణించింది. అప్పటికి ఆమె వయస్సు నలభై ఒకటి. వివాహం చేసుకోలేదు. పూర్తి చేసిన పెద్ద నవలలు ఆరు. 1811లో మొదటి నవల వెలువడినప్పుడు దాని మీద రచయిత్రి పేరు లేదు, ఒక స్త్రీ వ్రాసినదని మాత్రమే ఉన్నది. ఆమె మరణించిన తరువాతనే అన్న హెన్రీ చివరి రెండు నవలలకు వ్రాసిన పరిచయం ద్వారా ఆమె పేరు లోకానికి బాహాటంగా తెలిసింది. ఆమెకు కొన్ని శతాబ్దాల పూర్వమే మన తెలుగు కవయిత్రి తన కావ్యపు గద్యలో తన పేరును, తండ్రి పేరును నిస్సంకోచంగా చెప్పుకొన్నదన్న సంగతి ఇక్కడ తలచుకోదగినది.

ఆమె జీవితాన్ని గూర్చి 2007లో జూలియన్ జెరోల్డ్ దర్శకత్వంలో 'బికమింగ్ జేన్' అనే చిత్రం వచ్చింది. ఆన్ హాథవే జేన్ గాను, జేమ్స్ మెకవాయ్ టామ్ లెఫ్రాయ్ గాను నటించారు. జాన్ స్పెన్స్ అనే పండితుడు 2003లో ప్రచురించిన జీవిత చరిత్ర దానికి ప్రేరణ. కథ క్లుప్తంగా ఇది. న్యాయశాస్త్రం చదివే గర్విష్ఠి యువకుడు టామ్, గ్రామీణ యువతి జేన్ మొదట ఒకరినొకరు చులకన చేసుకొని తరువాత ప్రేమించుకొంటారు. టామ్ ఆమెకు లోకానుభవం కావలెనని బోధిస్తాడు. ఇద్దరూ లేచిపోవడానికి బయలుదేరుతారు. అతని సంపాదన మీద ఒక పెద్ద కుటుంబం ఆధారపడి ఉన్నదని తెలుసుకొని జేన్ దారిలోనే వెనుదిరుగుతుంది. ఆ వియోగంలోంచి నవలాకర్త్రి పుడుతుంది.

నటన, దృశ్యాలు, సంగీతం మనోహరంగా ఉన్నవి. చూసి కంటతడి పెట్టనివారు అరుదు. అయితే ఆధారాలు ఏమంటున్నవి? జేన్ తన అక్క కసాండ్రాకు 1796 జనవరిలో వ్రాసిన ఉత్తరాలలో టామ్ తో చేసిన నృత్యాలను గూర్చి పరిహాసంగా చెప్పింది. అప్పటికి ఇద్దరికీ ఇరవయ్యేళ్లు. కొద్ది వారాలలోనే అతడు చదువు కోసం వెళ్లిపోయాడు. తరువాతి కాలంలో ఐర్లండులో ప్రధాన న్యాయమూర్తి అయ్యాడు. వృద్ధాప్యంలో ఆమెను ప్రేమించిన మాట నిజమేననీ, అది కుర్రతనపు ప్రేమ అనీ అతడు ఒప్పుకొన్నట్లు బంధువొకరు పిమ్మట తెలిపారు. అనురాగం ఉన్నమాట నిజం. లేచిపోయే ప్రయత్నానికి మాత్రం ఆధారమే లేదు.

కసాండ్రా తన చివరి సంవత్సరాలలో చెల్లెలి ఉత్తరాలలో చాలా భాగాన్ని కాల్చివేసింది. ఇప్పుడు మిగిలినవి సుమారు 160. ఆ బూడిదలోనే చిత్రకారులు తమ కథను నాటుకొన్నారు. ఆధారం లేనిచోట కల్పనకు స్వేచ్ఛ ఉంటుంది, సరే. కాని ఆధారం ఉన్నచోట ఏమి జరిగిందో చూడండి. జేన్ పన్నెండవ ఏట నుంచి పద్దెనిమిదవ ఏట వరకు, అంటే 1787 నుంచి 1793 దాకా, వ్రాసిన కథలను, నాటికలను, పరిహాస రచనలను మూడు నోటుపుస్తకాలలోనికి తానే ఎత్తి వ్రాసుకొన్నది. ఆ పుస్తకాలు ఈనాటికీ భద్రంగా ఉన్నవి. టామ్ లెఫ్రాయ్ ఆమె జీవితంలోనికి రావడానికి కొన్నేళ్ల ముందే ఆమె రచయిత్రి. 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' మొదటి రూపాన్ని ఆమె 1796 అక్టోబరులో మొదలుపెట్టి మరుసటి సంవత్సరం ఆగస్టులో పూర్తి చేసింది. తండ్రి ఒక ప్రచురణకర్తకు వ్రాస్తే, ఆయన వ్రాతప్రతిని చూడనైనా చూడకుండా తిరస్కరించాడు. అది అచ్చు మొగం చూసినది 1813లో. అంటే పదహారు సంవత్సరాలు ఆమె దానిని దగ్గర ఉంచుకొని, దిద్దుకొని, ఓపిక పట్టింది.

ఒక నెలనాటి ప్రేమ ఆమెను రచయిత్రిని చేసిందా, పన్నెండవ ఏట మొదలైన సాధనా పదహారేళ్ల ఓపికా చేసినవా? చిత్రం మొదటి సమాధానమిస్తున్నది. నోటుపుస్తకాలు రెండవ సమాధానమిస్తున్నవి.

గాలిబ్: ఇన్ని ఉత్తరాలు ఉన్నప్పటికీ

మొల్ల విషయంలో ఆధారాలు లేవు, ఆస్టెన్ విషయంలో కాలిపోయినవి, అందుచేత చిత్రకారులు కల్పించుకొన్నారని మనం సరిపెట్టుకోవచ్చును. మూడవ ఉదాహరణ ఆ సమాధానాన్ని నిలువనీయదు.

మీర్జా అసదుల్లా ఖాన్ గాలిబ్ 1797 డిసెంబరు 27న ఆగ్రాలో జన్మించి, 1869 ఫిబ్రవరి 15న ఢిల్లీలో మరణించారు. తన జీవితాన్ని గూర్చి ఆయన వదిలివెళ్లినంత సామగ్రిని తక్కువమంది కవులు వదిలారు. వందలాది ఉత్తరాలలో ఆయన తన అప్పులు, పింఛను తగవు, జబ్బులు, మామిడిపండ్ల మీది మక్కువ, 1857 తరువాత పాడుపడిన ఢిల్లీ వీధులు అన్నిటినీ ఎదుటివానితో మాట్లాడుతున్నట్లే చెప్పారు. 'ఊదె హిందీ', 'ఉర్దూయె ముఅల్లా' అన్న పేర్లతో 1868, 1869 సంవత్సరాలలో వెలువడిన ఆ ఉత్తరాల సంపుటాలు ఉర్దూ వచనానికి క్రొత్త దారి చూపినవి. మన ఉర్దూ శాఖ విద్యార్థులు ఎరిగిన సంగతే ఇది.

1954లో సొహ్రాబ్ మోదీ 'మీర్జా గాలిబ్' చిత్రాన్ని తీశారు. గాలిబ్ గా భరత్ భూషణ్, చౌద్వీ అనే గాయనిగా సురయ్యా నటించారు. కథ సాదత్ హసన్ మంటోది, సంభాషణలు రాజిందర్ సింగ్ బేదీవి, సంగీతం గులాం మహమ్మద్ ది. సురయ్యా తన పాటలను తానే పాడారు. ఆ సంవత్సరపు ఉత్తమ భారతీయ చిత్రంగా రాష్ట్రపతి స్వర్ణపతకం లభించింది. గాలిబ్ గజళ్లను కాలేజీ మెట్లెక్కనివారి పెదవుల మీదికి చేర్చిన పుణ్యం ఆ చిత్రానిదే. మా తరంలో ఉర్దూ లిపి రాని తెలుగువారు ఎందరో గాలిబ్ ను మొదట సురయ్యా గొంతులోనే విన్నారు. వారిలో నేనూ ఒకణ్ణి.

కాని కథలో ప్రధానమైనది చౌద్వీతో ప్రేమ. యౌవనంలో ఒక గాయని మీద కలిగిన అనురాగాన్ని గాలిబ్ ఒక ఉత్తరంలో ప్రస్తావించిన మాట నిజం. ఆ చిన్న సూచన నుంచి మంటో ఒక సంపూర్ణ ప్రణయకథను అల్లారు. ఆయన పదమూడవ ఏట ఆయనకు భార్యయై, కన్న ఏడుగురు బిడ్డలూ పసితనంలోనే పోయిన దుఃఖాన్ని ఆయనతోపాటు మోసిన ఉమ్రావ్ బేగం ఆ ప్రణయపు నీడలోకి జరిగిపోయింది. ఇన్ని ఉత్తరాలున్న కవికి సైతం ప్రేమకథనే కల్పించవలసి వచ్చిందంటే, కారణం ఆధారాల లోపం కాదన్నమాట. కారణం మరొకచోట ఉన్నది.

కనిపించని పని

నాటకానికైనా చలనచిత్రానికైనా కంటికి కనిపించే క్రియ కావలె. యోధుడు కత్తి దూస్తాడు, గాయకుడు పాడతాడు, శిల్పి ఉలి పట్టుకొంటాడు. వ్రాసేవారు మాత్రం కదలక మెదలక కూర్చుంటారు. జరిగేదంతా లోపల జరుగుతుంది. వ్రాసిన పంక్తిని కొట్టివేయడం, పదం దొరకక లేచి తిరగడం, మరునాడు మరల కూర్చోవడం, ఇదీ రచయిత దినచర్య. ఇది పది నిమిషాలు చూపితే ప్రేక్షకుడు ఆవలిస్తాడు. అందుచేత చిత్రకారుడు కనిపించని పనికి బదులుగా కనిపించే సంఘటనను పెడతాడు. రాజసభ, ప్రణయం, వియోగం అన్నీ అటువంటి బదులు వస్తువులే. ఈ ఇబ్బందిని మనం సానుభూతితోనే అర్థం చేసుకోవలె.

అయితే ఈ మార్పిడిలో ఒక చిక్కున్నది. సంఘటనను చూపడంతో ఆగక, కావ్యానికి అదే కారణమన్న భావాన్ని తెర కలిగిస్తుంది. వియోగం కలిగింది కనుక నవల వచ్చింది, వరం లభించింది కనుక పద్యం వచ్చింది అన్నట్లు తోస్తుంది. వియోగం పొందినవారు కోట్లమంది. వారందరూ నవలలు వ్రాయలేదు. నడుమ ఉన్నది శ్రమ, అభ్యాసం, ఎన్నిక.

ఈ నష్టం పురుషులకంటె స్త్రీలకు ఎక్కువగా కలుగుతున్నది. గాలిబ్ ప్రేమకథను చూసినవారెవ్వరూ ఆ గాయనియే ఆయనకు కవిత్వం నేర్పిందని అనుకోరు. ఆయన కవి అన్న విషయం ముందే నిశ్చయమై ఉన్నది. జేన్ విషయంలో ఒక యువకుడు ఆమెకు లోకజ్ఞానం ప్రసాదించినట్లు చూపుతారు. మొల్ల విషయంలో దేవుని వరమూ రాజు మెప్పూ ఆమె చదువు స్థానాన్ని ఆక్రమిస్తవి. స్త్రీ వ్రాసిందంటే ఎవరో ఒకరు ఇచ్చి ఉండవలెనన్న పాత సందేహం ఈ కథల అడుగున దాగి ఉన్నది.

ఇది వందల ఏళ్లనాటి మాట అనుకొనేరు. ఒక కళాశాల గోడపత్రికలో ఒక విద్యార్థిని పద్యాలు వెలువడినప్పుడు, చదివినవారిలో కొందరు మొదట వేసిన ప్రశ్న, "ఎవరు వ్రాసిచ్చారమ్మా?" అన్నది. ఆ అమ్మాయి తరువాత ఏడాది పొడుగునా గోడపత్రికకు ఏమీ ఇవ్వలేదు. ఆ ప్రశ్న వేసినవారు చెడ్డవారు కారు. మొల్ల కథనూ, అటువంటి ఇతర కథలనూ విని పెరిగినవారే.

చూసేటప్పుడు వేసుకోవలసిన ప్రశ్నలు

జీవిత చిత్రాలను చూడవద్దని నేను చెప్పను. చూడండి. చూసిన తరువాత నాలుగు ప్రశ్నలు వేసుకొనండి.

మొదటిది: రచయిత తన్ను గూర్చి తాను ఏమి చెప్పుకొన్నారు? కావ్యపీఠిక, గద్య, ఉత్తరాలు, నోటుపుస్తకాలు ఇందుకు ఆధారాలు. అందులోనూ వినయంగా పలికినదేది, వాస్తవంగా చెప్పినదేది అని విడదీయవలె.

రెండవది: ఇతరులు చెప్పినది ఎన్ని సంవత్సరాల తరువాత చెప్పారు? ఆస్టెన్ మేనల్లుడు ఆమె జీవిత చరిత్రను ప్రకటించేసరికి ఆమె పోయి అర్ధ శతాబ్దం దాటింది. మొల్లకూ రాయల సభకూ ముడిపెట్టిన గాథలకు కాలనిర్ణయమే లేదు.

మూడవది: చిత్రం కల్పించినది ఏది? కల్పనను కల్పనగా ఆనందించవచ్చును. పరీక్షలో జీవిత చరిత్రగా మాత్రం వ్రాయరాదు.

నాలుగవది, అన్నిటికంటె ముఖ్యమైనది: ఈ కల్పన వలన రచయిత ప్రతిభ ఎవరి లెక్కలో జమ అయినది? రాజు లెక్కలోనా, ప్రియుని లెక్కలోనా, వరమిచ్చిన దైవం లెక్కలోనా, లేక కూర్చుని వ్రాసినవారి లెక్కలోనేనా?

ఆస్టెన్ మేనల్లుడు తన పుస్తకంలో ఒక చిన్న సంగతి చెప్పాడు. చాటన్ గ్రామంలోని ఇంటిలో ఆమె వ్రాసుకొనే చోటికి వచ్చే దారిలో ఒక తలుపు కిర్రుమని చప్పుడు చేసేదట. దానిని బాగు చేయించడానికి ఆమె ఒప్పుకోలేదట. ఎవరైనా వస్తున్నారని ఆ చప్పుడు వలన తెలిస్తే, చిన్న చిన్న కాగితాలను చప్పున దాచుకోవడానికి వీలుండేది. నాకు సాధ్యమైతే ఆ తలుపు మీద ఒక చిత్రం తీయించేవాణ్ణి. రాజులు లేరు, లేచిపోవడాలు లేవు. కాని ఇంటి పనుల నడుమ, వచ్చేపోయే బంధువుల నడుమ, ఒక స్త్రీ తన వ్రాతకు సమయాన్ని ఎట్లా దక్కించుకొన్నదో అందులో కనిపిస్తుంది. గోపవరంలో మొల్లకు అటువంటి తలుపు ఏదో ఒకటి ఉండే ఉంటుంది. దానిని గూర్చి ఆమె చెప్పలేదు.

వించెస్టరు చర్చిలో ఆస్టెన్ సమాధిరాతి మీద ఆమె సుగుణాలను కొనియాడారు గాని ఆమె నవలల ప్రసక్తి లేదు. ఆ లోపాన్ని సరిదిద్దుతూ 1872లో ప్రక్కన ఒక ఇత్తడి పలక పెట్టవలసి వచ్చింది. మన మొల్లకు 1986లో హైదరాబాదు ట్యాంకుబండు మీద విగ్రహం నిలిపారు. పలకలు, విగ్రహాలు, చిత్రాలు అన్నీ గౌరవ చిహ్నాలే. కాని రచయితకు దక్కవలసిన అసలు గౌరవం ఆ రచన చదివేవారి చేతులలో ఉన్నది.

మన గ్రంథాలయంలో మొల్ల రామాయణం ఉన్నది. ఆ సీసపద్యం ఉన్న పుటలో ఆ విద్యార్థిని పెట్టిన కాగితపు ముక్కను నేను తీసివేయలేదు. మీలో ఎవరైనా ఆ పుస్తకాన్ని తీసుకొంటే ముందు ఆ పుటనే తెరవండి. సినిమా తరువాత చూడవచ్చును.